కొట్టేసిన మాట

పుత్తూరు నుంచి తిరుపతి వచ్చే బస్సులో నా పక్కన కూర్చుందొకావిడ. విరిగిన కుడిచేతికి పుత్తూరు కట్టు.

"ఏం రాస్తా ఉండావమ్మా?" అని నా ఒళ్లోని కాగితం కేసి చూసింది.

మా అమ్మాయికి చేతిలో పెన్ను నిలవదు. పాఠాలన్నీ నోటితో గడగడా చెబుతుంది. పదో తరగతి పరీక్షలో అది చెబితే రాసేందుకు ఒక మనిషిని ఇమ్మని హెడ్మాస్టరుకు అర్జీ రాస్తున్నాను. నోటిమాటగా అడిగితే అప్పటికే కుదరదన్నాడు.

ఆవిడ ఎడమచేత్తో కాగితం తీసుకుని చదివింది.

"'దయతో' అనే మాట కొట్టెయ్. ఇది చట్టంలోనే ఉండాది, అడుక్కునే పన్లేదు. నేను ఇట్టాంటి పిల్లోళ్లకే పాఠాలు చెప్తా. సరే, నేను చెప్తా ఉంటా, నువ్వు రాయి."

ఆవిడ చెప్పింది, నేను రాశాను.

"కుదరదంటే, ఆ మాటే కాగితం మీద రాసియ్యమను" అని రేణిగుంటలో దిగిపోయింది. పేరు అడగలేదు.

హెడ్మాస్టరు ఆ మాట రాసివ్వలేదు. అర్జీ మీద సంతకం పెట్టాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని మంచినీళ్లు తాగాను.

మొన్న ఇంటర్ కాలేజీకి అర్జీ. అమ్మాయి చెబుతోంది, నేను రాస్తున్నాను. అలవాటుగా 'దయతో' అని పెట్టాను.

"ఆ మాట నేను చెప్పలేదు మా" అంది.