బడ్జెట్‌కి నేనిచ్చిన సలహా

రెండేళ్ల క్రితం రాష్ట్ర బడ్జెట్‌ కోసం రైతుల సలహాలు తీసుకుంటామంటే, చిలకలూరిపేట నుంచి గుంటూరు వెళ్లాను. మిర్చి కల్లాల దగ్గర షెడ్లు కావాలని అడగాలనుకున్నాను. నా వంతు వచ్చేలోపు వేదిక పక్కన ఒక అధికారి తోటి ఉద్యోగితో నవ్వుతూ అన్నాడు: "ప్రతిపాదనలు ఆర్థిక శాఖకి పోయిన నెలే పంపేశాం. ఇదంతా పైకి చూపించడానికేగా!"

నాకు ఒళ్లు మండిపోయింది. మైకు అందుకుని, "అన్నీ ముందే పంపేసి మమ్మల్నెందుకు పిలిచారండీ?" అని అరిచాను. వెంటనే మైకు ఆపేశారు. "కోప్పడకమ్మా, భోంచేసి వెళ్లు" అన్నాడు ఆయనే. మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చేశాను.

మర్నాడు పేపర్లో నేను అరుస్తున్న ఫొటో వేశారు. దాని కింద 'ప్రభుత్వానికి కృతజ్ఞతలు తెలుపుతున్న మహిళా రైతు' అని ఉంది. షెడ్లు ఇవ్వకపోతే పోనీ, నా కోపాన్ని కూడా పొగడ్తగా మార్చేసుకున్నారు.