మా ఇద్దరి బీపీ

గుండెపోటు వచ్చినప్పుడు నాకు యాభై రెండేళ్లు. జనగామ నుంచి కొడకండ్ల వెళ్లే బస్సులో కండక్టర్‌ని. టికెట్లు ఇస్తుంటే ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. డ్రైవరు బస్సు వెనక్కి తిప్పి నేరుగా దవాఖానకు తీసుకుపోయాడు. స్టెంటు వేశారు, ప్రాణం దక్కింది.

కానీ ఇంటికొచ్చాక నేను బతకడం మానేశాను. నాలుగు మెట్లెక్కితే ఏమవుతుందో, గట్టిగా నవ్వితే ఏమవుతుందో అని ఒకటే భయం. మణికట్టు మీద వేళ్లు పెట్టి నాడి చూసుకుంటూ మంచంలోనే ఉండేవాణ్ణి. పలకరించడానికి ఎవరన్నా వస్తే నిద్ర నటించేవాణ్ణి. ఉప్పు తగ్గిన కూర నోటికి రుచించక మా ఆవిడ మీద కసురుకునేవాణ్ణి. ఆమె ఒక్క మాటా ఎదురు చెప్పేది కాదు.

మూడో నెల పరీక్షకు ఇద్దరం జనగామ దవాఖానకు వెళ్లాం. అక్కడి నర్సమ్మకు మా కూతురి వయసుంటుంది. నా మందుల చీటీ చూసి పక్కన పెట్టింది.

"బాపూ, గోలీలు మంచిగనే ఏసుకుంటున్నవ్. దినాలు ఎట్ల గడుస్తున్నయో చెప్పు."

నా వేళ్లు మళ్లీ మణికట్టు మీదికి పోయాయి. మా ఆవిడే అందుకుంది.

"ఎట్ల గడుస్తయ్ బిడ్డా, గోడ దిక్కు చూసుకుంట గడుస్తున్నయ్. మనిషైతే ఇంటికొచ్చిండు గని, మాటనే లేదు."

నర్సమ్మ ఆమె వైపు తిరిగింది. "మరి నువ్వెట్లున్నవమ్మా?"

"నాకేమైంది? మంచిగనే ఉన్న."

"జర చెయ్యి ఇటియ్యి."

పట్టీ చుట్టి చూసింది. కాసేపాగి మళ్లీ చూసింది. నా బీపీ కంటే ఆమెదే చాలా ఎక్కువుంది.

మా ఆవిడ తల వంచుకుని చెప్పింది. "పగలనక రాత్రనక ఈయన పండుకుంటే పక్కన కూసుంట. ఊపిరి ఆడుతున్నదా లేదా అని చూస్త. నాకేమో కన్ను మూతపడదు."

నాకు సిగ్గేసింది. మా ఇంట్లో గుండె నా ఒక్కడికే ఉన్నట్టు మూడు నెలలు గడిపాను.

డాక్టరు ఆమెకూ మందులు రాశారు. బయటికొస్తుంటే నర్సమ్మ ఇద్దర్నీ ఆపింది. "గోలీ చేసే పని గోలీ చేస్తది. దిగులు, రంది పెట్టుకునుడు, ఒక్కళ్లే కూసునుడు, గవి గూడ గుండె మీదనే పడ్తయ్. ఇద్దరు కలిసి నడువుండ్రి. నలుగురితోని మాట్లాడుండ్రి."

మర్నాడు పొద్దున్నే పత్తి చేల దాకా నడిచాం. పత్తి ఏరడానికి పోతున్న తండా ఆడవాళ్లు ఎదురయ్యారు. నా బస్సులో రోజూ ఎక్కే ఒకామె నన్ను చూసి ఆగింది.

"ఏందన్నా, గిన్ని దినాలకు ఎండ మొఖం చూసినవ్? నువ్వు లేక బస్సుల మమ్ముల తిట్టేటోడే లేడు!"

పకపకా నవ్వాను. నాకేం కాలేదు. మా ఆవిడ నన్నే చూస్తూ తనూ నవ్వింది.

అప్పటి నుంచి రోజూ నడుస్తున్నాం. పొద్దున జొన్న రొట్టెలు నేనే చేస్తున్నాను. గుండ్రంగా రావు, ఆమె వంకలు పెడుతూనే తింటుంది. మళ్లీ డ్యూటీలో చేరాను. ఆర్నెల్లకు ఆమె బీపీ దిగివచ్చింది. భయం నాకిప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది, కాకపోతే ఇప్పుడు దాచుకోకుండా ఆమెతో చెబుతున్నాను.

మొన్న శనివారం చిల్పూరు గుట్ట మీది గుడికి మెల్లగా ఎక్కాం. సగం దూరంలో అలుపు తీర్చుకుందామని కూర్చుంటే, రేగొండ నుంచి వచ్చిన ఒకామెతో మా ఆవిడ ముచ్చట్లో పడింది. దర్శనం ఆలస్యమైతే అయిందని నేనూ వాళ్ల పక్కనే కూర్చున్నాను.