మునెమ్మ తాగిన నీళ్ళు

1998లో నేను కృష్ణగిరి దగ్గర మత్తూరు వైపు ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నర్సుగా పనిచేస్తున్నాను. చుట్టూ రాతిగుట్టలు, మెట్టచేలు. వానలు తప్పి బావులు ఎండిపోవడంతో ఎన్నో ఏళ్ళ కిందటే ఊరూరా బోర్లు వేశారు. లోతునుంచి వచ్చిన ఆ నీళ్ళు చూడటానికి తేటగా ఉండేవి.

మునెమ్మ గొర్రెలు మేపుకునే మనిషి. నలభై దాటి ఎంతో కాలం కాలేదు. నడుం నొప్పికి మాత్రల కోసం వచ్చేది. పనివల్ల వచ్చిన నొప్పే అనుకున్నాం. ఒకరోజు వెనకనుంచి పిలిస్తే మెడ తిప్పలేక మనిషంతా తిరిగింది. డాక్టరుగారు అది గమనించి కృష్ణగిరి పెద్దాసుపత్రికి పంపి ఎక్స్‌రే తీయించారు. ఎముకలు సున్నం కొట్టినట్టు తెల్లగా కనిపించాయి. ఫ్లోరోసిస్ అన్నారు. రాతిపొరల్లోని ఫ్లోరైడ్ నీళ్ళలో కలిసి, ఏళ్ళ తరబడి ఎముకల్లో చేరి, కీళ్ళను బిగించేసే జబ్బు. దానికి మందు లేదు. తాగే నీళ్ళు మార్చుకోవాలి.

ఆ మాట చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఎండన పడి వచ్చానని ముందు నాకు చెంబుతో బోరు నీళ్ళిచ్చింది. నేను చెప్పిందంతా విని అడిగింది.

"ఇవి కాకుంటే యాడ నీళ్ళు తాగేది సిస్టరమ్మా?"

కెలవరపల్లిలో, ఆనకట్ట దగ్గర, ఆమె తమ్ముడున్నాడు. అక్కడి బావుల్లో పైనే నీళ్ళుంటాయి, వాటిలో ఫ్లోరైడ్ తక్కువ. కొన్నాళ్ళు అక్కడికి వెళ్ళి ఉండమని బతిమాలాను.

"ఆడికి పోతే గొర్రెల్ని ఎవురు చూస్తారు? నొప్పికి మాత్రలియ్యమ్మా, చాలు."

మరుసటేడు బిగిసిన వెన్నెముక లోపలి నరాన్ని నొక్కేయడంతో ఆమె కాళ్ళు పడిపోయాయి. అప్పుడు భర్త చిన్నప్ప గొర్రెల్ని అమ్మేసి కెలవరపల్లికి తీసుకెళ్ళాడు. నీళ్ళు మారాయి కానీ బిగిసిన ఎముక సడలలేదు. చచ్చినా నా ఇంట్లోనే చస్తానంటే, మళ్ళీ తీసుకొచ్చాడు.

కదలకుండా పడుకుంటే ఒత్తిడికి ఒళ్ళు పుండ్లు పడతాయి. వాటిని బెడ్‌సోర్స్ అంటాం. వాటికి డ్రెస్సింగ్ చేయడానికి వెళ్ళేదాన్ని. ఒకసారి నేను కట్టు కడుతుండగా, వాకిట్లో కోడలు బోరు నీళ్ళతో పసిబిడ్డకు గంజి కాస్తోంది. మునెమ్మ అటే చూస్తూ పడుకుంది.

"ఆ బిడ్డకైనా వేరే నీళ్ళు వస్తాయామ్మా?" అంది.

నేను కట్టు ముడి వేశాను. ఆ వానాకాలం ఆమె పోయింది.

రోగాన్ని మనిషి ఒంట్లోనే కాక, ఆ మనిషి బతికే నేలలో కూడా వెతకాలని ఆమె వల్ల తెలుసుకున్నాను. ఆ తర్వాత నడుం నొప్పని ఎవరొచ్చినా, ముందు ఏ నీళ్ళు తాగుతున్నారని అడిగేదాన్ని. బోరు నీళ్ళే అనేవాళ్ళు. మాత్రలిచ్చి పంపేదాన్ని.