కొల్లేటి నీళ్ళ మీద చీమలుండవు

నిత్యానందం మేస్టారికి జబ్బుందని ఏలూరు డాక్టరు చెప్పేదాకా లంకలో ఎవరికీ తెలీదు, ఆయనకి అసలే తెలీదు. ముప్ఫై రెండేళ్ళ మనిషి. తుమ్మితే అవతలి దిబ్బ మీద బాతులు లేచేవి. కొల్లేటి మధ్య ఆ లంకలో మిషను వాళ్ళు పెట్టిన బడిలో ఎనిమిదేళ్ళుగా ఒక్కడే పంతులు. ఒక్కరోజు కూడా జ్వరమని బడి మూసిన పాపాన పోలేదు.

పంతొమ్మిది వందల ముప్ఫై అయిదులో ఆ బడిని జిల్లా బోర్డు తీసుకుంది. దాంతోపాటు ఒక కాగితం వచ్చింది. మార్చి ఆఖరులోగా డాక్టరు దగ్గర ఆరోగ్యంగా ఉన్నట్టు సర్టిఫికెట్ తెచ్చి దాఖలు చేస్తే ఉద్యోగం ఖాయం చేస్తారు. తేకపోతే జూన్‌లో ఇంకో పంతులొస్తాడు, బడిని ఆనుకుని ఉన్న రెండు గదుల ఇల్లు కూడా ఖాళీ చెయ్యాలి.

"ఇంతేనా?" అంది ఆయన భార్య దేవకుమారి కాగితం చదివి. "మీకు సర్టిఫికెట్ ఇవ్వకపోతే ఇంకెవరికిస్తారు? రేపే వెళ్ళి రండి. వస్తూ వస్తూ దీపం చిమ్నీ తీసుకురండి."

చిమ్నీ వచ్చింది గానీ సర్టిఫికెట్ రాలేదు.

ఏలూరులో డాక్టర్ చలపతిరావు గుండె విన్నాడు, పొట్ట నొక్కాడు, నాలిక చూశాడు. అన్నీ బాగున్నాయన్నాడు. చివర్లో, రివాజు గనక, మూత్రం గాజు గొట్టంలో పోసి స్పిరిట్ దీపం మీద వేడి చేశాడు. గొట్టం పైభాగంలో తెల్లగా మబ్బు కట్టింది, పాలు విరిగినట్టు.

"కాళ్ళు వాస్తాయా మేస్టారూ?"

"లేదండి."

"పొద్దున్నే మొహం ఉబ్బుతుందా?"

"లేదండి."

"మరి ఒంట్లో ఉండాల్సిన ఈ ఆల్బుమిన్ ఎందుకు పోతున్నట్టు?" అన్నాడు డాక్టరు. ఆ ప్రశ్న మేస్టారిని అడిగినట్టు లేదు, గొట్టాన్ని అడిగినట్టుంది.

పది రోజులు ఉప్పు మానేసి రమ్మన్నాడు. వచ్చాడు. మళ్ళీ మబ్బు. మాంసం మానేసి రమ్మన్నాడు. వచ్చాడు. మబ్బు. చేతి నరంలోంచి నెత్తురు తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. అందులోనూ ఒక రకం కణాలు ఉండాల్సినదానికంటే ఎక్కువున్నాయట. ఎందుకున్నాయో చెప్పలేనన్నాడు.

"అయితే నాకు జబ్బున్నట్టా, లేనట్టాండీ?"

"నాకు తెలిసేదాకా మీరు జబ్బుమనిషీ కారు, మంచిమనిషీ కారు. మార్చి మొదట్లో ఆఖరిసారి రండి. ఇంటి దగ్గర పొద్దున్నే పట్టి, సీసాలో తీసుకురండి. అదీ ఇలాగే ఉంటే నేను రాయలేను."

ఆయన్ని అటూ ఇటూ దాటించేది తాతారావు. తాటిదోనె తాతారావు అంటే లంకలన్నిటికీ తెలుసు. మేస్టారికంటే నాలుగేళ్ళు పెద్ద. కిక్కిస గడ్డిలో దోనె ఇరుక్కుంటే నడుం లోతు నీళ్ళలోకి దిగి, మనుషులతో సహా తోసుకుపోయే ఘటం. గడ వేస్తూ వేస్తూ దోసిలితో నీళ్ళు ముంచి తాగేవాడు, ఒక్క దాటుకి పదిసార్లు. కొల్లేరు ఎండిపోయిందంటే అది వీడి పనే అని అందరూ నవ్వేవారు. ఆ తాగుడు వాడి బలంలో భాగమనే అనుకునేవారు.

ఆ మూడో సారి తిరిగొస్తూ మేస్టారు ఉన్నదంతా వాడికి చెప్పాడు. ఇంట్లో చెప్పలేనిది నీళ్ళ మీద చెప్పడం తేలిక.

తాతారావు గడ ఆపాడు. "ఆఖరిసారి సీసాలో పట్టుకెళ్ళడమే గదండీ? సీసా మీద మొహం ఉండదు గదా."

మేస్టారు దోనె అంచు పట్టుకుని వాడి వంక చూశాడు.

"నేను కొల్లేటికిచ్చేది మీకిస్తానండీ. రోజుకి ఇరవైసార్లు ఇస్తా. ఒక్క సీసాకి దానికేమన్నా లోటొచ్చుద్దా?"

మేస్టారికి నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఆదివారం పిల్లలకి అబద్ధసాక్ష్యం గురించి పాఠం చెప్పేది ఆయనే. రెండు వారాలు ప్రార్థనలో ఆ సంగతి ఎత్తకుండా తప్పించుకున్నాడు. మార్చి రెండో తారీఖు పొద్దున్న, దగ్గుమందు ఖాళీ సీసా ఒకటి తాతారావు చేతిలో పెట్టి అటు తిరిగి నించున్నాడు.

ఏలూరులో డాక్టరు గొట్టం వేడి చేశాడు. మబ్బు లేదు. నీళ్ళలా తేటగా ఉంది. మేస్టారు కండువా భుజాన వేసుకున్నాడు. డాక్టరు ఇంకో గొట్టం తీసి నీలం రంగు మందులో ఎనిమిది బొట్లు వేసి మరిగించాడు. నీలం ఆకుపచ్చయింది, పసుపయింది, చూస్తుండగా ఇటుక రంగుకి తిరిగింది.

"పంచదార," అన్నాడు డాక్టరు మెల్లిగా. "మొన్నటిదాకా లేదే."

మేస్టారికి దగ్గుమందు పాకం గుర్తొచ్చింది. సీసా సరిగా కడగలేదు, అదీ సంగతి. కానీ ఆ మాట ఎలా చెప్పడం? చెబితే మళ్ళీ ఇక్కడే, ఈ గదిలోనే పట్టి ఇమ్మంటారు. ఇది వింత కేసనీ, బెజవాడలో డాక్టర్ శేషగిరిరావుగారికి చూపించాలనీ, మద్రాసులో చదివి కలకత్తాలో పనిచేసొచ్చిన పెద్దాయన అనీ చలపతిరావు చెబుతూంటే బుర్ర ఊపాడు. ఇంటికొచ్చి, ఈసారి నిమ్మకాయ సోడా సీసా సంపాదించి, బూడిదతో తోమి, మరుగునీళ్ళతో మూడుసార్లు కడిగి తాతారావుకిచ్చాడు.

బెజవాడలో ఆ పెద్దాయన నెత్తురు తీశాడు, మేస్టారిదే. సీసా తీసుకున్నాడు, తాతారావుది. మర్నాడు రమ్మన్నాడు. మర్నాడు ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

"మూత్రంలో పంచదార కుప్పలుగా ఉందయ్యా. నెత్తురులో చూస్తే ఉండాల్సినంతే ఉంది. మూత్రపిండాలే వదిలేస్తున్నట్టున్నాయి. లక్షలో ఒకరికుంటుంది. పైగా మొదట్లో ఆల్బుమిన్, ఇప్పుడది లేదు. నిన్ను చూస్తే ఏ రోగమూ లేనివాడిలా ఉన్నావు."

"అవునండి."

"వారం రోజులు ఇక్కడే ఉండు. గంటగంటకీ పరీక్ష చేస్తాను. నీమీద వ్యాసం రాసి మద్రాసు పంపించాలి."

బడి ఉందనీ ఇంట్లో చెప్పి వస్తాననీ ఏదో గొణిగి, మేస్టారు మెట్లు దిగి స్టేషనుకి దాదాపు పరిగెత్తాడు. రైల్లో కూర్చున్నాక గానీ తెలియలేదు ఆయనకి. ఈసారి సీసా తప్పు లేదు. పంచదార దగ్గుమందుది కాదు.

నాలుగు రోజుల్లో బెజవాడ ఉత్తరం ఏలూరు మీదుగా ఇంటికి చేరింది. దేవకుమారి చదివింది. ఆ రాత్రి నించి ఆయన కంచంలో అన్నం గరిటెడే. కాకరకాయ పులుసు, కాకరకాయ వేపుడు, కాకరకాయ రసం. బెల్లం డబ్బా అటక మీదికెక్కింది.

"కుమారీ, నాకేం లేదే."

"లేకపోతే అంత పెద్ద డాక్టరు రాస్తాడా? నోరు మూసుకు తినండి."

తన జబ్బు కాని జబ్బుకి పథ్యం తింటూ మేస్టారు కంచం వంక చూస్తూ కూర్చున్నాడు. నాకు పంచదార లేదంటే, మరి సీసాలోది ఎవరిదంటుంది కుమారి. సీసా సంగతి చెబితే సర్టిఫికెట్ పోతుంది. చెప్పకపోతే బెజవాడలో వారం రోజులు పడుకోవాలి, అక్కడైనా బయటపడుతుంది. ఎటు చూసినా నీళ్ళే, దోనె లేదు. వీటన్నిటికీ అడుగున ఇంకోటుంది, అది తలుచుకుంటేనే ముద్ద దిగడం లేదు. తాతారావు కాలి మీద పుండు. నత్తగుల్ల కోసుకుందన్నాడు, సంక్రాంతికి ముందు మాట. ఇంకా మానలేదు.

అయినా ఆ పంచదార మరోలా వచ్చిందేమో అని ఒక ఆశ. నేల మీదుండే ఊళ్ళలో ఈ జబ్బు పట్టుకోడానికి డాక్టరక్కర్లేదు. మనిషి పోసిన చోట చీమలు బారులు తీరితే ముసలమ్మలే చెప్పేస్తారు. కానీ తాతారావు పుట్టి బుద్ధెరిగాక నేల మీద పోసినవాడు కాదు. లంకలో ఎవరూ పొయ్యరు. అంత నీరుండగా ఉన్న గుప్పెడు దిబ్బని ఎవరు పాడుచేస్తారు?

మర్నాడు పొద్దున మేస్టారు వాణ్ణి బడి వెనక్కి తీసుకెళ్ళాడు.

"ఇక్కడ కూర్చో తాతారావూ. నేల మీదే."

"కొల్లేరంతా ఉండగా నేలెందుకండీ, సిగ్గేసుద్ది."

"కూర్చోవయ్యా."

వాడు గొణుక్కుంటూ కూర్చున్నాడు. ఇద్దరూ పక్కకెళ్ళి గట్టు మీద ఆగారు. తాతారావు ఏదో చేపల బేరం గురించి చెబుతున్నాడు, మేస్టారికి ఒక్క ముక్క వినపడలేదు. కాసేపాగి వెళ్ళి చూస్తే తడి చుట్టూ నల్లగా గీత గీసినట్టుంది. గీత కదులుతోంది.

తాతారావు వంగి చాలాసేపు చూశాడు. వాడి పెదనాన్న ఒకాయన మండవల్లిలో ఈ జబ్బుతోనే కాలు తీయించుకుని పోయాడు.

"అయితే డాక్టర్లు మీ పేరు మీద రాసిందంతా నాదన్నమాట," అన్నాడు చివరికి.

"నీదే. రేపు ఏలూరు వెళదాం. నేను చెప్పేస్తాను."

"చెబితే మీ ఉజ్జోగవో?"

 వాడి కాలి పుండు మీద ఈగ వాలితే మేస్టారు చేత్తో తోలాడు.

ఆ సాయంత్రమే దేవకుమారికి మొత్తం చెప్పాడు. ఆవిడ అరవలేదు. లేచి, నిచ్చెన వేసుకుని, అటక మీంచి బెల్లం డబ్బా దించి ఆయన ముందు ఠపీమని పెట్టింది. "వారం నించీ కాకరకాయ మింగారు గాని నిజం కక్కలేకపోయారు," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. 

డాక్టర్ చలపతిరావు అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పిల్లలకి చదువు చెప్పే మనిషివి," అన్నాడు, అంతే. అప్పటిదాకా మీరన్న మనిషి నువ్వు అనడంలోనే అంతా ఉంది. తాతారావుకి పరీక్షలు చేసి, ఇన్సులిన్ అనే మందు రోజుకి రెండుసార్లు సూదితో ఎక్కించాలనీ, మిషను ఆసుపత్రి దొరసానికి చీటీ రాస్తే అక్కడ మందిచ్చి, సూది వెయ్యడం మేస్టారికి నేర్పుతారనీ, ఇంకో నెలాగుంటే కాలు దక్కేది కాదనీ చెప్పాడు. తర్వాత మేస్టారి వైపు తిరిగి ఖాళీ గాజు గ్లాసు చేతికిచ్చాడు.

మేస్టారు తెర వెనక్కి వెళ్ళి వచ్చాడు. దీపం వెలిగింది. ముగ్గురూ గొట్టాన్నే చూస్తున్నారు. మబ్బు కట్టింది.

"ఎందుకో చెప్పగలరాండీ?" అన్నాడు మేస్టారు.

"చెప్పలేను. రేపు ముదరొచ్చు, ముప్ఫై ఏళ్ళు ఇలాగే ఉండొచ్చు. తెలీనిదాన్ని బాగుందని ఎలా రాసేది?" కాగితం మీద ఆర్నెల్లు పరిశీలనలో ఉంచాలని రాశాడు. ఆ రాతకి బోర్డులో అర్థం ఒకటే.

జూన్‌లో కొత్త పంతులొచ్చాడు. దేవకుమారి అన్న తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లులో గుమాస్తా పని చూశానని, వెంటనే రమ్మని రాశాడు. నిత్యానందం పెట్టె సర్దాడు. దేవకుమారి ఆ పెట్టె మీదే కూర్చుంది.

"తాతారావుకి సూది ఎవరు పొడుస్తారండీ?"

"కొత్తాయనకి నేర్పాను."

"ఆయనకి నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయి. మొన్న చూశాను."

పెట్టె మళ్ళీ విప్పారు. తాతారావు దిబ్బ మీదే, వాడి గుడిసె పక్కన ఇంకో గుడిసె వేసుకున్నారు. మేస్టారు చేపల బుట్టలకి లెక్క రాస్తూ, పిల్లలకి సాయంత్రాలు చదువు చెబుతూ అక్కడే ఉండిపోయాడు. ఆర్నెల్లకోసారి ఏలూరు వెళతాడు. మబ్బు చూసి వస్తాడు. నాలుగేళ్ళయింది, అది పెరగనూ లేదు, పోనూ లేదు.

ఇన్సులిన్ సీసా తడి ఇసక పోసిన కుండలో ఉంటుంది. పొద్దున్నే సూది అయ్యాక తాతారావు అలవాటుగా నీటి ఒడ్డుకి నడుస్తాడు, గుర్తొచ్చి వెనక్కి తిరిగి దిబ్బ మీద కూర్చుంటాడు. కాసేపాగి మేస్టారు గొంతుక్కూర్చుని, పిల్లల పలక దిద్దేవాడిలా నేల చూస్తాడు.

"ఇవాళ అయిదే వచ్చాయి."

"నిన్న రాత్రి అన్నం తక్కువ తిన్నానండీ." తాతారావు పంచె సర్దుకున్నాడు. "అవునండీ, మీరు కూడా ఓసారి నేల మీద చూసుకోకూడదా?"

"చూశాను."

"ఏవొచ్చాయండీ?"

"ఏవీ రాలేదు," అన్నాడు మేస్టారు. "ఏదో ఒకటి వస్తే బాగుండును."