మా బావ పెద్ద తెర ఎక్కనివ్వని ఫోటో

నిన్న పొద్దున రావులపాలెం నుంచి మా చెల్లి ఫోన్.

"సత్తిబాబు బావ పోయాడే."

"ఛీ, ఏం మాటలే అవి!" అని కసిరి పెట్టేశాను. మళ్ళీ చేసింది. ఈసారి ఒకటే ఏడుపు. అప్పుడు నమ్మాను.

గుండె. ఆసుపత్రికి తీసుకెళ్ళే టైం కూడా ఇవ్వలేదట.

తెలియని వాళ్ళ కోసం. సత్తిబాబు మా మేనమామ కొడుకు. అరటి గెలల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి లైవ్ వీడియోలో పడ్డాడు. స్టేజి మీద పాటో, నాటకమో, డ్యాన్సో నడుస్తుంటే, వెనక పెద్ద తెర మీద అప్పటికప్పుడు బొమ్మలు కలిపి నడిపించేవాడు. కెమెరా నాది, మిక్సింగ్ తనది.

తనకి ఒక్కటే రూలు. ముందు చిన్న తెరలో చూడనిదే ఏదీ పెద్ద తెరకి పంపకూడదు. అందుకని నా కెమెరాకి ఒకటి, ఫోటోలున్న ల్యాప్‌టాప్‌కి ఒకటి, విడివిడిగా చిన్న ప్రివ్యూ మానిటర్లు ఉండాలనేవాడు.

మంచివి కొనే స్తోమత మాకెక్కడిది?

మొదట ఏం తెచ్చాడో తెలుసా? కారు రివర్స్ చేసేటప్పుడు చూసుకునే స్క్రీన్! చవగ్గా దొరికిందని ఒకటే మురిసిపోవడం. అందులో బొమ్మ అద్దంలోలాగా కుడి ఎడమలు తారుమారై వస్తుందని మా ఇద్దరి బుర్రలకీ తట్టలేదు.

ఒక పెళ్ళిలో తలంబ్రాల టైంకి నా హెడ్‌ఫోన్‌లో అరుపులు. "పద్దూ, ఎడమకి తిప్పు! పెళ్ళికూతురు ఎడమకుందే!"

తిప్పాను. పెద్ద తెర మీద పెళ్ళికొడుకు పెదనాన్నగారు. నోరు తెరుచుకుని గుర్రు పెడుతున్నారు.

మండపమంతా పగలబడి నవ్వింది. పెదనాన్నగారిని లేపి మరీ చూపించారు.

ఆ స్క్రీన్ వెనకున్న చిన్న వైరు ఒకటి కత్తిరిస్తే బొమ్మ సరిగ్గా వస్తుందని తర్వాత ఎవరో చెప్పారు. అప్పటిదాకా నన్నే తిట్టాడు మహానుభావుడు.

ఇక అక్కణ్ణుంచి మా బావ స్క్రీన్ కొనడమంటే పెళ్ళిచూపులే. రాజమండ్రి షాపులో పెట్టె విప్పించి, ఎండలోకి పట్టుకొచ్చి, నన్ను కెమెరా ముందు నిలబెట్టి నా మొహం అందులో చూసేవాడు. ఎండలో కనపడాలి. బొమ్మ ఆలస్యంగా రాకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, "మొహం మొహంలా ఉండాలే, కుంకుమ కుంకుమలా ఉండాలి."

ఒకటి బాగా వెలుగ్గా ఉంది, రేటూ తక్కువే. కానీ అందులో నా బొట్టు నల్లగా కనపడింది. వద్దన్నాడు.

"ఇంత చిన్న స్క్రీన్‌లో బొట్టు రంగు ఎవడు చూస్తాడు బావా?"

"నేను చూస్తాను."

చాదస్తం అనుకున్నాను. కాస్త సైజు తగ్గినా, రంగు నిజంగా చూపించేవి రెండు కొన్నాడు.

నరసాపురం దగ్గర ఒక ఊళ్ళో ప్రోగ్రాం ఒప్పుకున్నాం. చేపల వేట నిషేధం అయిపోయి బోట్లు మళ్ళీ సముద్రంలోకి దిగేముందు, సముద్రంలో పోయిన వాళ్ళని తలుచుకుని ఆ ఊరి ఆడవాళ్ళు పాడతారు. వెనక తెర మీద పోయినవాళ్ళ ఫోటోలు, పాడేవాళ్ళ మొహాలు రావాలి.

అందరికన్నా ముందు గొంతెత్తేది మహాలక్ష్మి గారు. పొద్దున రిహార్సల్లో మాతో, "మా ఆయన ఏటకెళ్ళాడండి" అంది. ఆయన పేరు చెప్పి, వెళ్ళి ఏళ్ళవుతోందని పక్కావిడ మా ఇద్దరికీ గుట్టుగా చెప్పింది. మనిషీ రాలేదు, శవమూ దొరకలేదు. ఆవిడ బొట్టు తీయలేదు. ఆ ఊళ్ళో ఎవరూ తీయమని అడగలేకపోయారు.

సాయంత్రం పాట మొదలయ్యాక కమిటీ కుర్రాళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఇంకొన్ని ఫోటోలు తెచ్చారు. బావ ఒక్కొక్కటీ చిన్న తెరలో చూసి పంపుతున్నాడు.

ఒక ఫోటో దగ్గర చెయ్యి ఆగింది.

ఒక తెరలో దండేసిన ఫోటో, కింద ఆవిడ భర్త పేరు. పక్క తెరలో నా కెమెరా చూపిస్తున్న మహాలక్ష్మి గారి మొహం. రూపాయి కాసంత ఎర్రటి బొట్టు.

ఆ ఫోటో వెళ్తే, ఆవిడ ఒప్పుకోని మాట ఊరంతటి ముందూ ఆవిడకి చెప్పేసినట్టే. అదీ పాట మధ్యలో, ఆవిడ వెనక.

"పద్దూ, ఆవిడ మీదే ఉంచు. కదపకు" అన్నాడు. ఫోటో తీసేశాడు. పెద్ద తెర నిండా ఆవిడ మొహమే. ఆ పాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

అవగానే కమిటీ వాళ్ళు మీద పడ్డారు. ఫోటో ఎగ్గొట్టారన్నారు. "సిస్టం మొరాయించిందండి, తప్పు నాదే" అన్నాడు. కారణం చెబితే అక్కడే ఆవిడ గురించి పంచాయితీ మొదలవుతుందని తెలుసు. అన్ని మాటలూ పడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

సామాను సర్దుతుంటే ఆవిడే వచ్చింది. ఎవరో చెప్పేసినట్టున్నారు.

"మా ఆయన బొమ్మ ఎయ్యలేదేంటి బాబూ?"

"మీరు వెయ్యమనలేదు కదండీ. మీరు చెప్పిన రోజు వేస్తాను."

ఆవిడ బావ రెండు చేతులూ పట్టుకుంది.

అదీ మా బావంటే. ఇవాళ కాలర్ ఎగరేసి చెప్తున్నాను, అలాంటివాడి పక్కన పనిచేశాను నేను.

ఈ పొద్దున మహాలక్ష్మి గారు ఫోన్ చేసింది. చాలాసేపు ఏడ్చి, అప్పుడు అంది. "ఎప్పటికైనా ఆ మాట నా నోటితో చెప్పాల్సొస్తే, ఆ బాబుకే చెబుదామనుకున్నానమ్మా. ఇప్పుడెవరికి చెప్పను?"

"నాకు చెప్పండి" అన్నాను. "అప్పటిదాకా ఆ ఫోటో ఎవర్నీ వెయ్యనివ్వను."

వెళ్ళిరా బావా. నువ్వెక్కడున్నా చల్లగా ఉండాలి.