అక్క గీసిన వ్యోమగామి

నా చిన్నప్పుడు గీసిన బొమ్మల కట్ట ఒకటి మొన్న సికింద్రాబాదు కార్ఖానాలోని మా ఇల్లు సర్దుతుంటే బయటపడింది. అంచులు చిరిగిన ముప్పై కాగితాల దాకా ఉన్నాయి. అన్నీ అంతరిక్షం బొమ్మలే. వాటిలో ఒక్కటి మాత్రం నాది కాదు.

అప్పుడు మేము మల్కాజ్‌గిరిలో ఉండేవాళ్లం. నాకు పదేళ్లు. పక్కింటి అక్క నన్ను సికింద్రాబాదు తీసుకెళ్లి ఒక ఇంగ్లీషు సినిమా చూపించింది. అంతరిక్షంలో దారి తప్పిన ఓడ కథ. మాటలు నాకొక్కటీ అర్థం కాలేదు. అక్క నా చెవిలో కథ చెబుతుంటే కుర్చీ అంచున కూర్చుని నోరు తెరుచుకుని చూశాను.

ఆ తరువాత నాకు వేరే ధ్యాస లేదు. అక్క ఒక ఆఫీసులో టైపిస్టు. తప్పులు పడిన కాగితాలు తెచ్చిచ్చేది. వాటి వెనక ఓడలు, వలయాలున్న గ్రహాలు, తోకచుక్కలు గీసేదాన్ని. ముఖాలు మాత్రం వచ్చేవి కావు. నా వ్యోమగాములందరికీ ముఖం బదులు గుండ్రటి అద్దమే ఉండేది. ఒక ఆదివారం అక్క నా రంగు పెన్సిళ్లు తీసుకుని తానూ ఒక బొమ్మ వేసింది. ఓడ కిటికీ దగ్గర ఒక ఆడమనిషి, దూరంగా నీలి భూమి. ఆమె ముఖంలో ఇల్లు గుర్తొచ్చిన బెంగ. "నీ దగ్గర్నే ఉంచుకోవే" అని నాకిచ్చేసింది.

బడిలో బొమ్మల పోటీ పెట్టి, ఇంట్లో వేసినవి తెమ్మన్నారు. అక్క బొమ్మ పక్కన నావన్నీ తేలిపోయాయి. దాని కింద నా పేరు రాసి ఇచ్చాను.

మొదటి బహుమతి వచ్చింది. అమ్మ మురిసిపోయి, నాకు చెప్పకుండానే అక్కను కూడా సభకు వెంటబెట్టుకొచ్చింది. వేదిక మీద టీచరు ఆ బొమ్మను అందరికీ చూపించి, "ఎవరన్న సాయం చేసిన్రా?" అని అడిగారు. అప్పుడే మూడో వరసలో అక్క కనిపించింది. అయినా, "లేదు టీచర్, నేనే వేసిన" అన్నాను. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది అక్కే.

అమ్మతో ఆమె ఒక్క మాట అనలేదు. మరునాడు సాయంత్రం కాగితాలు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"రావే, మొఖాలు గీసుడు నేర్పిస్త. రేపు ఎవరన్న నీ ముందల కాగితం పెట్టి గీయమంటే పరేషాన్ కావొద్దు గదా" అంది.

ఆమె గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది. తలనొప్పిగా ఉందని చెప్పి లోపలికి వెళ్లిపోయాను. మర్నాడు మళ్లీ వస్తే హోంవర్కు ఉందన్నాను. ఆ తరువాత ఆమె రాలేదు. ఎదురుపడితే ఎప్పటిలాగే నవ్వేది, నేనే తల దించుకునేదాన్ని. కొన్ని నెలలకు పెళ్లయి నాగపూర్ వెళ్లిపోయింది. చాలా ఏళ్ల తరువాత, ఆమె పోయిందని అమ్మ ఎవరి ద్వారానో విని చెప్పింది.

ఆ అబద్ధం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కానీ మనసును ఎక్కువగా తొలిచేది అది కాదు. దాన్ని నిజం చేసుకునే దారి ఆమె రెండుసార్లు నా గుమ్మం దాకా తెచ్చింది. నేనే వద్దన్నాను.

తరువాత చాలా ఏళ్లు లెక్కల టీచరుగా పనిచేశాను. ఏ పిల్ల అయినా పక్కవాళ్లది చూసి రాసిందని తెలిస్తే, నలుగురిలో అడిగేదాన్ని కాదు. అందరూ వెళ్లాక కూర్చోబెట్టి ఆ లెక్క నేర్పేదాన్ని. కొందరు ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకునేవాళ్లు. వాళ్ల మీద కోపం వచ్చేది కాదు. ఎందుకు మొహం చాటేస్తున్నారో నాకు తెలుసు.