ఒక్క మీటరు తేడా

రేవులో అందరూ ఆమెను తీగలక్క అంటారు. పడవల్లో రేడియో మూగబోయినా, దీపం మొరాయించినా ఆమె రావాల్సిందే. తండ్రి రిపేరు షాపులో బల్ల కింద కూర్చుని సోల్డరింగ్ నేర్చుకున్న మనిషి. చెయ్యి ఎంత నిలకడో నోరంత దురుసు. అయినా ఆ నోటితో ఒక్క సంగతి మాత్రం ఏళ్ళ తరబడి బయటపెట్టలేదు.

ఆ ఉదయం ఆమె తన అన్నయ్య తెరచాప పడవలో, క్యాబిన్ బెంచీ కిందికి తల దూర్చి పడుకుని ఉంది. అన్నయ్యకు చూపు తగ్గింది. అందుకే పెద్ద అంకెలు చూపించే కొత్త స్క్రీన్ కొన్నాడు. నీటి లోతు చెప్పే పాత యంత్రాన్ని మాత్రం ముట్టుకోనివ్వడు.

"దాన్ని పీకావంటే నిన్ను నీళ్ళలోకి తోసేస్తా" అన్నాడు.

పాతదాని భాష కొత్తదానికి రాదు. మధ్యలో అగ్గిపెట్టెంత కన్వర్టర్ పెట్టి ఆ రెండింటికీ మాటలు కలపాలి. మొదట తీగలు రెండూ తారుమారు చేసి, స్క్రీన్ ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే కన్వర్టర్‌ను తిట్టిపోసింది. తప్పు తనదేనని తెలిశాక నాలుక కరుచుకుని, తీగలు మార్చింది. పడవ అడుగుభాగం ఎంత లోతుకు దిగుతుందో స్క్రీన్‌కు చెప్పింది. అంకెలు వెలిగాయి.

పాత యంత్రం పడవ కింద మూడు మీటర్ల నీళ్ళున్నాయంది. కొత్తది నాలుగంది. తీగలక్కకు పాత సంగతి గుర్తొచ్చింది.

చాలా ఏళ్ళ కిందట వదిన షాపుకొచ్చి ఆమె చేతులు పట్టుకుంది. "మీ అన్నయ్యకి దూకుడెక్కువ. ఇంకా అర మీటరుందిలే అంటూ ఇసుక మెట్ట మీదకి పోతారు. ఆ యంత్రం ఒక మీటరు తక్కువ చూపించేలా చెయ్యమ్మా" అంది. తీగలక్క చేసిపెట్టింది. అప్పటినుంచీ అన్నయ్య అర మీటరు కనిపించేదాకా వెళ్ళి, పడవ తిప్పి, టీ కొట్టు దగ్గర మీసం మెలేస్తూనే ఉన్నాడు. అర మీటరు నీళ్ళలో పడవ తిప్పే మొనగాడు రేవు మొత్తానికి తనొక్కడేనట!

ఆ కిటుకు పాతదాని ముఖం మీది అంకె వరకే. తీగలో వెళ్ళేది అసలు లోతే. పని తెలిసిన మనిషి అయ్యుండీ ఆమె ఆ సంగతే మర్చిపోయింది.

అంతలో అన్నయ్య క్యాబిన్‌లోకి దిగి, కళ్ళు చికిలించి చూశాడు. "ఇదేంటే, చెరో మాట చెబుతున్నాయి? సరేలే, కొత్తది కదా, ఇకనుంచి దీన్నే నమ్ముతా."

కొత్తది తప్పు చూపిస్తోందని చెప్పి ఒక మీటరు కోసేస్తే సరిపోయేది. కానీ రేపు ఇంకెవరైనా వచ్చి దాన్ని సరిచేస్తే? ఈయన నిజంగా అర మీటరు దాకా వెళ్తాడు. ఒక్క అల వెనక్కి లాగితే పడవ మెట్టకు కొట్టుకుంటుంది. తీగలక్కకు భయమేసింది. ఉన్నదంతా చెప్పేసింది.

అన్నయ్య ముఖం చిన్నబోయింది. బెంచీ మీద కూలబడ్డాడు.

"అయితే నా మొనగాడితనమంతా ఉత్తుత్తిదేనన్నమాట."

"నన్నేమన్నా అను అన్నయ్యా. వదిన మాట కాదనలేకపోయాను."

ఆయనకు చెల్లెలి మీద కోపం వచ్చింది, సిగ్గూ వేసింది. చివరికి కొత్త స్క్రీన్ వైపు గడ్డం ఊపాడు.

"దీన్లోనూ ఒక మీటరు తగ్గించు."

ఆమె బటన్ మీద వేలు పెట్టి ఆయన వైపు చూసింది.

"మీ వదినతో మాత్రం నాకు తెలిసిపోయిందని అనకు. ఆ సంగతి తనకి తెలిస్తే, దాచిన మీటరూ వాడేస్తానని భయపడి, నేను పడవెక్కిన ప్రతిసారీ తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే కూర్చుంటుంది."